పులిపిరులను గఱచు మిడుత



పచ్చికలో నెగురు పురుగును మిడుత యందుము. రాత్రి గోడమూల గూయుదానిని ఇలకోడి యందుము. ఈ రెండును గాక మూడవ కుటుంబ మొకటి కలదు. రూపమున నది మిడుతను బోలును. చుట్టఱికమున ఇలకోడికి దగ్గఱ. పొదలలోను గడ్డిలోను వసించును గాన దానిని పొదమిడుత యందము. ఈ కుటుంబపు పురుగులు మన పొలములందును గలవు. రంగునుబట్టి వీనిని నిర్ణయించువాడు మోసపోవును. ఇందులకు యూరపు ఖండమందలి యొక జాతి మంచి నిదర్శనము.

1758వ సంవత్సరమున స్వీడను దేశపు శాస్త్రవేత్త లిన్నేయసు ఆ జాతికి 'వెరూసివోరస్' అని పేరిడెను. పులిపిరులను దినునది యని దాని యర్థము. ఆ దేశపు కర్షకులు తమ పులిపిరులను ఈ పురుగుచే గఱపించుకొనెడివారు. అందుచే నవి మానునని వారి నమ్మకము. నమ్మిక యెట్టిదైనను, పల్లెవారి వాడుక శాస్త్రనామమున నిలిచిపోయినది. లిన్నేయసు మిడుతలను, ఇలకోళ్లను, వీనిని 'గ్రిల్లస్' అను నొక్క ప్రజాతియందే చేర్చెను. తరువాతివారు వేఱుపఱచిరి. 1831లో ఫ్రెంచి పండితుడు సెర్విల్ దీనిని 'డెక్టికస్', అనగా కొఱుకునది, అను ప్రజాతియం దుంచెను.

దీని దేహము బలిసినది. పొడవు సుమారు 3 మొదలు 4 సెంటీమీటర్లు. సాధారణముగ బచ్చని మేనిపై నల్లని మచ్చలుండును. గోధుమవన్నె గలవియు గలవు. ఆడుదాని తోకవద్ద కత్తివంటి యవయవ మొకటి యుండును. అది కుట్టుటకు గాదు, నేలలో గ్రుడ్లు పెట్టుటకు.

రంగు మాఱినను గుఱుతులు మాఱవు. మిడుత మీసములు పొట్టివి. దీనివి దారమువలె సన్ననివి, పొడవైనవి. మిడుతకు చెవులు కడుపు మొదట నుండును, దీనికి ముంగాళ్లయందు. పెక్కు మిడుతలు వెనుకకాలిని ఱెక్కకు రాచి పాడును. ఇది ఱెక్కను ఱెక్కతో రాచి పాడును. ఇలకోడియు నట్లే పాడును గాని, దాని పాదమునకు మూడు కణుపులు; దీనికి నాలుగు.

ఈ పరిశీలన వ్యర్థము గాదు. మిడుత యని మనము చంపునది యితర పురుగులను గూడ దినును. దీని గ్రుడ్లు పొదుగుటకు రెండేండ్లో, అంతకు మించియో పట్టవచ్చును. నడుమ నేలను దున్నిన నశించును. గ్రుడ్లకు బోడినేలయు, దాగుటకు ఎత్తైన గడ్డియు రెండును వలయును. పచ్చికబయళ్లు తఱిగిన ఇంగ్లండులో నిది దక్షిణమున గొద్దిచోట్లనే మిగిలినది. కావున పురుగును జూచినంతనే చేయి యెత్తక, మొదట మీసములను జూడుడు, పిదప పాదములను లెక్కింపుడు. ఎఱిగినదానినే మనుజుడు కాపాడగలడు.