నిజం కథలు - సినిమా కథలు



"ఇది నిజంగా జరిగిన కథ" అని తెరమీద అక్షరాలు పడగానే మనం కాస్త సర్దుకుని కూర్చుంటాం. కట్టుకథకైతే వంద వంకలు పెట్టే మనం, దీనికి మాత్రం తల ఊపుతాం. పైగా బహుమతులు కూడా వచ్చాయంటే ఇక చెప్పనే అక్కర్లేదు. ఆ సినిమాలకు మనమిచ్చే గౌరవం వాటి అర్హతకు మించిపోతోందా అన్నది ఈనాటి విషయం.

నాకీ సందేహం మా ఇంట్లోనే కలిగింది. మా ఆడపడుచు కూతురికి స్కూటరు ప్రమాదంలో మోకాలి కింద కాలు తీసేశారు. పెట్టుడుకాలుతో నడక అలవాటు చేసుకుంటూ కొన్నాళ్లు మా దగ్గరే ఉంది. ఒకనాటి సాయంత్రం మా అత్తగారు, "ఆ మయూరి సినిమాలో పిల్ల నాట్యమే చేసిందే! నువ్వు వీధి చివరిదాకా నడవలేవుటే?" అన్నారు. ఆవిడ మనసులో ప్రేమే తప్ప మరొకటి లేదు. పిల్ల మాత్రం గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. రాత్రి నేను అన్నం పట్టుకెళితే, కాలు విప్పి చూపించింది. రాపిడికి చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. "ఆవిడ గొప్పదే అత్తా! కానీ సినిమా రెండున్నర గంటల్లో అయిపోతుంది. నాది అవడం లేదు" అంది. నాకు నోట మాట రాలేదు.

"మయూరి" 1985లో వచ్చింది. దర్శకులు సింగీతం శ్రీనివాసరావుగారు. సుధాచంద్రన్ జీవితాధారంగా తీసిన ఆ చిత్రంలో ఆమే నటించింది. జాతీయ పురస్కారాలలో ప్రత్యేక జ్యూరీ బహుమతి కూడా అందుకుంది. చిన్నప్పుడు టీవీలో చూసి నేనూ కళ్లు తుడుచుకున్నదాన్నే. అది మంచి సినిమా కాదని నేననను. కానీ లెక్క చూడండి. ఆమెకు తమిళనాడులో బస్సు ప్రమాదం జరిగింది 1981లో. మళ్లీ వేదిక ఎక్కింది 1984లో. ఆ మధ్య రోజులెన్ని, ఆ రోజుల్లో పడిన బాధ ఎంత! తెరమీద దానికి దక్కేది కొన్ని నిమిషాలే. ఆ నిమిషాలే కొలబద్ద అనుకుని మన ఇంటి పిల్లను కొలుస్తాం. అదీ చిక్కు.

అంతేకాదు, ఆమెను నడిపించిన జైపూర్ పాదం మాట వస్తే డాక్టర్ పి.కె. సేథీ పేరు చెబుతాం. 1981లో ఆయనకు మెగసెసే బహుమతి వచ్చింది, న్యాయమే. కానీ ఆయనతో కలిసి ఆ పాదానికి రూపమిచ్చిన చేతిపనివాడు రామచంద్రశర్మ పేరు మనలో ఎందరికి తెలుసు?

ఇక అందరూ మెచ్చిన "దంగల్" సంగతి. 2016లో వచ్చింది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ పోటీల్లో గీతా ఫోగట్ బంగారు పతకం గెలవడం నిజమే. కానీ సినిమాలో చివరి క్షణాల్లో గెలిచినట్లు చూపిన ఆఖరి కుస్తీ, అసలు మాత్రం ఏకపక్షంగా సాగింది. తండ్రిని గదిలో పెట్టి తాళం వేయించడం కూడా కథకోసం చేర్చిందే. సినిమాలో శిక్షకుడికి వేరే పేరు పెట్టారు, బాగానే ఉంది. కానీ అప్పటి అసలు శిక్షకుణ్ణి ఎరిగినవాళ్లు ఏమనుకుంటారు? తనను అలా చూపించారని ఆయన నొచ్చుకున్నట్లు పత్రికల్లో కూడా వచ్చింది. కట్టుకథలో దుర్మార్గుడికి ఇల్లూ వాకిలీ ఉండవు. నిజం కథలో ఉంటాయి, పెళ్లాం పిల్లలూ ఉంటారు.

మరి ఇలాంటి సినిమాలు తీయకూడదా అంటారేమో! తీయాలి. ఆ సినిమా రాకపోతే హర్యానాలో ఒక పల్లెటూరి ఆడపిల్లల సంగతి మన వంటింటిదాకా వచ్చేదా? కథ రక్తి కట్టడానికి కొంత కలపడమూ తప్పదు. కలిపినదాన్ని కూడా నిజమని ఒప్పుకోవడమే మన పొరపాటు. నటన బాగుంటే మెచ్చుకుందాం. "నిజం" అన్న ఒక్క మాటకే అదనంగా మార్కులు వేయనక్కర్లేదు. ఇంటికొచ్చాక, ఇందులో జరిగిందెంత, అల్లిందెంత అని పిల్లలతో కలిసి నాలుగు ముక్కలు చదివితే మంచిది. ముఖ్యంగా, తెరమీది మనిషిని బెత్తం చేసి ఇంట్లో మనిషిని కొట్టవద్దు.

ఆ రాత్రి సంగతి మా అత్తగారికి చెప్పాను. ఆవిడేమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే కొబ్బరినూనె గిన్నె పట్టుకుని మనవరాలి పక్కన కూర్చుని, "ఎక్కడే నొప్పి?" అని అడిగారు. అంతవరకూ మా ఇంట్లో ఆ మాట ఎవరమూ అడగలేదు.

ఇప్పుడా పిల్ల తనంతట తాను వెళ్లి పాలు తెస్తోంది. దారిలో రెండుచోట్ల ఆగుతుంది. దానిమీద ఎవరూ సినిమా తీయరు. అయినా అది నిజంగా జరుగుతున్న కథే.