ప్రక్కనున్నవారి కొరకు ఒక పుస్తకము
(శతవార్షికోత్సవ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల చరిత్రను తలంచుకొనునప్పుడు మనము కట్టిన దేవాలయములను, పాఠశాలలను, ఆసుపత్రులను లెక్కించుట సులభము. మన వాకిట నిలిచినవారిలో ఎందరిని లోనికి పిలిచితిమో లెక్కించుట కష్టము. ఆ కష్టమైన లెక్కను గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పగోరుచున్నాను.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లో వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు డోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనయే. అంతకు రెండేండ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరో పట్టణమందు జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన ఒక సంగతి నిర్భయముగా చెప్పిరి. మిషనరీలు మా కొరకు ఆస్తులను, ప్రాణములను సహితము ఇచ్చిరి, అందుకు కృతజ్ఞులము. అయితే మాకు స్నేహితులు కూడ కావలెను అనునది ఆ మాటల సారాంశము. విన్నవారిలో కొందరు నొచ్చుకొనిరి. కాని అది నిజము. ఇచ్చు చేయి పైన, పుచ్చుకొను చేయి క్రింద ఉన్నంతకాలము అది దానమగును గాని స్నేహము కానేరదు.

నాడు దొరల ముందు పెట్టిన ఆ ప్రశ్న నేడు మనకే తగులుచున్నది. క్రిస్మసుకు బట్టలు పంచుదుము, రోగులకు పండ్లు ఇత్తుము. మంచిదే. అయితే మన ప్రక్క ఇంటివారు మన ఇంట ఎన్నిసార్లు భోజనము చేసిరి? వారి ఇంట కష్టము కలిగినప్పుడు మనము ఎంతసేపు కూర్చుంటిమి?

నా తప్పు ఒకటి ఒప్పుకొందును. కొన్ని సంవత్సరముల క్రిందట నేనొక పట్టణ సంఘములో పెద్దగా ఉంటిని. ఒక ఆదివారము వీధి మలుపునున్న టీ కొట్టులో పనిచేయు యువకుడొకడు వచ్చి, చెప్పులు విడిచి, గుమ్మమునొద్దనే నిలిచెను. నేను దగ్గరకు పోయి, “ఎవరి కోసం వచ్చావు బాబూ?” అని అడిగితిని. మర్యాదగానే అడిగితినని నా తలంపు. అతడు, “ఊరికే వచ్చానండి” అని వెనుకకు తిరిగెను. అంతలో చాపమీద కూర్చున్న ఒక ముసలమ్మ, కూలి చేసికొని బ్రదుకు విధవరాలు, ప్రక్కకు జరిగి, “రా నాయనా, ఇక్కడ కూచో” అని తన పాటల పుస్తకము అతని చేతికిచ్చినది.

ఆమెకు చదువు రాదు. పాటలన్నియు కంఠస్థమే. అయినను ప్రతి ఆదివారము పుస్తకము తెచ్చెడిది. కారణమడిగితిని. “పక్కన కూచున్నోళ్ల కోసరం అయ్యా” అన్నది. ఆ యువకుడు ఏడాది తరువాత వేరే ఊరిలో పని దొరికి వెళ్లిపోయెను. పోవుచు ఆమె ఇంటికి వెళ్లి చెప్పిపోయెను. నా ఇంటికి రాలేదు.

మన మండలములో మొదట ప్రభువును అంగీకరించినవారిలో అధికులు ఇట్టి బీదలే, మాల మాదిగ పల్లెలలోని కూలిజనులే. బాప్తిస్మము పొందువారు తమ తలమీద చేయి ఉంచుకొని, సువార్త చెప్పకుండ ఉండలేనని పౌలు కొరింథీయులకు వ్రాసిన మాట పలుకునట్లు అజరయ్యగారు చేయించెడివారు. ఆ బీదల బ్రదుకులో కలిగిన మార్పును కండ్లార చూచియే ఇతర కులములవారు కూడ అనేక గ్రామములలో ప్రభువునొద్దకు వచ్చిరి. ప్రసంగముకంటె ముందు పొరుగువాడే సువార్త ఆయెను.

అట్టి పెద్దల సంతానమైన మనము ప్రభువు బల్లయొద్ద ఒకే పాత్రలో పాలుపొంది, వెలుపలికి రాగానే కులమును బట్టి వేరువేరు గుంపులుగా నిలిచినయెడల, చూచువారు దేనిని నమ్మవలెను? క్రీస్తు మనలను చేర్చుకొన్నట్లే మనము ఒకరినొకరము చేర్చుకొనవలెనని రోమా పత్రిక 15వ అధ్యాయము బోధించుచున్నది. మొదట మన మధ్యనున్న గోడ పడవలెను. పిదప వీధివైపు తలుపు తెరువవలెను.

ఇంకొక మాట. స్నేహము ఎర కాకూడదు. పొరుగువాడు గుడికి రాకపోయినను అతడు మన పొరుగువాడే. మారుమనస్సు కలిగించుట దేవుని పని, చోటిచ్చుట మన పని.

డోర్నకల్ కతీడ్రల్‌ను మీలో అనేకులు చూచియుందురు. గుమ్మటములు, మినారులు, గుడి మండపములను తలపించు స్తంభములు గల ఆ మందిరము, ఇరుగుపొరుగున నున్న హిందువులకుగాని ముసల్మానులకుగాని పరాయిదిగా తోచకుండునట్లు కట్టబడినది. 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు, అది ప్రతిష్ఠింపబడెను. తూర్పునుండి వచ్చిన జ్ఞానులు, అనగా బయటివారు, శిశువైన ప్రభువును కనుగొన్న దినమది. రాళ్లు ఇంతగా రమ్మని పిలుచుచుండగా, మన ముఖములు ఏమని పిలుచుచున్నవి?

వచ్చు ఆదివారము మీ ప్రక్కన కొంచెము చోటు ఉంచుడి. చేతిలో ఒక పుస్తకము ఎక్కువ ఉంచుకొనుడి. ఎవరైనను గుమ్మమున నిలిచినయెడల ప్రశ్న వేయక, ప్రక్కకు జరుగుడి. అట్టి కృపను ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.