పాత అమెరికను కారులలో క్యామ్‌షాఫ్టునకును వెనుక గేరునకును గల పొత్తు



అమెరికాలో పాంటియాక్ సంస్థ తన మధ్యరకపు టెంపెస్టు కారులో 389 ఘనాంగుళముల పెద్ద ఇంజను నమర్చి, 1964 మాడలుగా జి.టి.ఓ. అను పేర వెలువరించెను. ఒడలు చిన్నది, ఇంజను పెద్దది. ఇట్టి బండ్లకు అచటివారు మజిల్ కారులని పేరిడిరి. నేడు వానిని కొట్టులో దాచి తుడుచుకొనువారు కొందరు. ఆదివారమున ఆలుబిడ్డల నెక్కించుకొని వీధిలో నడుపువారు మరికొందరు. ఈ ప్రసంగము రెండవవారిని గూర్చినది.

ఇట్టి కారు కొనినవానికి మొదట పుట్టు కోరిక క్యామ్‌షాఫ్టును మార్చవలెననుట. ఆ కడ్డీపై గ్రుడ్డువంటి ఉబ్బులుండును. అవి తిరుగుచు వాల్వులను తెరచును. స్ప్రింగులు వానిని మూయును. ఇంజను నిమిషమునకు 6000 చుట్లు తిరుగునపుడు గాలి లోనికి వచ్చుటకు వ్యవధి చాలదు. కావున వాల్వు ముందుగా తెరచుకొని ఆలస్యముగా మూసుకొనవలెను. అదే ఏర్పాటు 1500 చుట్ల వద్ద అపకారియగును. పిస్టను పైకి వచ్చుచున్నను వాల్వు మూసుకొనదు. లోనికి వచ్చిన మిశ్రమము కొంత వెనుకకు మరలును. రెండు వాల్వులును ఒకేమారు తెరచియుండు కాలము పెరుగుటచే కాలిన వాయువు క్రొత్త మిశ్రమముతో కలియును. నిలిచిన బండి గుడగుడలాడుచు వణకును. ఆ చప్పుడు చెవికి సొంపు; పెక్కుమంది డబ్బు పోసి కొనునది ఆ చప్పుడునే!

వెనుక ఇరుసులోని గేరు పని వేరు. 3.08 గేరనగా, ప్రొపెల్లరు షాఫ్టు 3.08 చుట్లు తిరిగిన చక్రము ఒక చుట్టు తిరుగును. ఇంజను చుట్ల లెక్క సులభము. గంటకు పోవు మైళ్లను గేరు నిష్పత్తితోను, ఆపై 336తోను హెచ్చవేసి, అంగుళములలోని టైరు వ్యాసముచే భాగింపవలెను. గేరుపెట్టెలో పైగేరు ఒకటికి ఒకటిగా నున్నచో, 26 అంగుళముల టైరుతో 60 మైళ్ల వేగమునకు 3.08 గేరు 2388 చుట్లను, 4.10 గేరు 3179 చుట్లను కోరును. 70 మైళ్ల వద్ద 4.10 గేరు అడుగునది 3709. గంటసేపు ఆ రొద వినిన ఇల్లాలు మరల ఆ బండి ఎక్కుట సందేహమే.

3500 చుట్ల పైనగాని మేల్కొనని క్యామును 3.08 గేరుతో జతచేసినవాని గతి ఎట్లుండును? బయలుదేరుటకు క్లచ్చి కాల్చుకొనవలెను. ఆటోమాటిక్ గేరుపెట్టెయు సాధారణ టార్కు కన్వర్టరును ఉన్నచో సిగ్నలు వద్ద గేరులో నుండగనే ఇంజను ఆగిపోవును. అంతకంటె భయంకరమైనది వేరొకటి. పవరు బ్రేకునకు తోడ్పడునది ఇంజనులోని శూన్యపు పీల్పు. పెద్ద క్యాము దానిని తగ్గించును; రద్దీ వీధిలో బ్రేకు పాదము క్రింద రాయివలె గట్టిపడును.

కర్మాగారములు ఈ సంగతి నెరుగును. పాంటియాక్ ఇంజను నాలుగు నోళ్ల కార్బ్యురేటరుతో 3200 చుట్లకే 428 పౌండు-అడుగుల టార్కు నిచ్చునని ప్రకటింపబడెను. 1967లో షెవ్రోలే సంస్థ ట్రాన్స్-ఆమ్ పందెములకొరకు క్యామరో జెడ్-28 లో 302 ఘనాంగుళముల ఇంజను నుంచెను. దాని టార్కు 290 మాత్రమే, అదియు 4200 చుట్లకు. 290 అశ్వశక్తి 5800 చుట్లకు. అందుచే దానికి ఆటోమాటిక్ గేరుపెట్టె నీయలేదు. నాలుగు గేర్ల చేతిపెట్టెయే, వెనుక సాధారణముగా 3.73 గేరు.

కావున ముందు ఏ వేగమున ఎక్కువగా నడుపుదురో నిశ్చయించి, పై లెక్కచే చుట్లను కనుగొనవలెను. క్యాము చేయువారు అది ఏ చుట్ల నుండి ఏ చుట్ల వరకు పనిచేయునో అచ్చువేసి యిత్తురు. అందలి క్రింది హద్దు, నడుపు చుట్లకంటె తక్కువగా నుండవలెను. సందేహమైనచో ఒక మెట్టు చిన్న క్యామే మేలు.

ఓవర్‌డ్రైవుతో చిక్కు తీరునని కొందరందురు. 0.67 పైగేరు గల పెట్టెతో 3.73 గేరు 60 మైళ్లకు 1938 చుట్లే కోరును. బయలుదేరుటలో చురుకు, దారిలో నెమ్మది. నిజమే. కాని ఆ 1938 వద్ద ఉక్కిరిబిక్కిరియగు క్యామైనచో ఆ పైగేరు ఉండియు వేయుటకు వీలుపడదు.

వెనుక గేరు మార్చినవారు స్పీడోమీటరును నడుపు చిన్న పళ్లచక్రమును కూడ మార్పింపవలెను. 3.08 తీసి 4.10 వేసి దానిని మరచినచో, బండి 45 మైళ్లు పోవుచుండగా ముల్లు 60 చూపును.