ఇంటి మాట బడి దాకా రావాలి



కోయంబత్తూరు, మదురైలలో తెలుగువారు తరతరాలుగా ఉన్నారు. మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. చాలామందికి తెలుగు అక్షరాలు రావు. అయినా రెండు భాషల మధ్య సులువుగానే తిరుగుతారు. మరి ఆటిజం ఉన్న బిడ్డ సంగతేమిటి?

వీధులు ఊడ్చే పనికి వెళ్లే ఒక అరుంధతీయ తల్లి మాతో తన గోడు చెప్పుకుంది. ఆమె కొడుకును ప్రత్యేక బడిలో చేర్చిన రోజు ‘మాటలు లేవు’ అని రాసుకున్నారట. వాడికి నాలుగు మాటలున్నాయి: నీళ్లు, కూడు, పోదాం, వద్దు. నాలుగూ తెలుగే. ‘వద్దు’ అర్థంకాక చెయ్యి పట్టి లాగితే కొరికాడు. మొండివాడన్నారు. ఇంట్లో తెలుగు మానెయ్యమన్నారు. ఆమె మానేసింది. “అయ్యగారూ, వాడు తమిళం నేర్చుకోలా. నాతో మాట్లాడేదీ మానేసినాడు” అంది.

ఆ సలహా మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు. కానీ రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు మాట మరింత ఆలస్యమవుతుందని పరిశోధనల్లో తేలలేదు. తల్లి తన భాష మానేస్తే బిడ్డకు లాలన, పిలుపు, ఓదార్పు తగ్గిపోతాయి.

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అది ఉంది. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరి బడిలోగాని, కోరుకున్న ప్రత్యేక బడిలోగాని ఉచితంగా చదివే హక్కు ఉంది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందేలా చూడాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతోంది. ఈ రెంటినీ కలిపి అడగవలసింది మనమే.

ఏమడుగుదాం? బిడ్డను పరీక్షించేటప్పుడు తెలుగు తెలిసిన మనిషి పక్కన ఉండాలి. బొమ్మల కార్డుల మీద తెలుగు మాటను తమిళ లిపిలో కూడా రాయాలి. అప్పుడు టీచరూ పలకగలదు, తల్లీ చదవగలదు. మన వాడలోని ఒక అక్కకు ఆ బడిలో సహాయకురాలిగా జీతం ఇచ్చి పని ఇవ్వాలి.

మార్కు సువార్త ఏడో అధ్యాయం గుర్తు చేసుకుందాం. మాట సరిగా రాని మనిషిని ప్రభువు గుంపులోంచి పక్కకు, ఏకాంతంలోకి తీసుకెళ్లాడు. అతనితో అరామిక్ భాషలో ఒక్క మాట పలికాడు. గ్రీకులో రాసిన సువార్త కూడా ఆ మాటను అలాగే ఉంచింది. మన బిడ్డల నాలుగు మాటలనూ అలాగే నిలబెడదాం.