పళ్ళెంలో మిగిలిన సగం



పక్షవాతంతో మా అబ్బాజాన్‌కు ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. ఇంటికి తెచ్చాక పళ్ళెంలో కుడివైపు అన్నమే తినేవారు. అరగదేమోననుకొని అమ్మ తక్కువ వడ్డించేది. ఉర్దూ పత్రిక ఇస్తే ప్రతి పంక్తీ సగంలో ఆపేవారు. మన లిపి కుడినుండి ఎడమకు గదా, చివరి మాటలు ఆయనకు కనబడేవి కావు. తెలుగు చదివేవారికైతే మొదటి మాటలే పోతాయి.

లోపం కంట్లో కాదు, మెదడులో. మెదడు కుడిభాగం దెబ్బతింటే రెండు కళ్ళకూ ఎడమవైపు చూపు పోవచ్చు. 2018లో మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో అద్దాలిచ్చారు, మంచిపనే. కాని ఇది అద్దాలతో వచ్చే చూపు కాదు. రోగి చెప్పడు, చాలాసార్లు అతనికే తెలియదు. ఇంగ్లండులో 2019లో అచ్చయిన ఒక పరిశోధనలో, పక్షవాతం వచ్చినవారిలో నూటికి 73 మందికి ఏదో ఒక చూపు ఇబ్బంది ఉన్నట్లు తేలింది.

పరీక్షకు యంత్రం అక్కరలేదు. నర్సమ్మ ఎదురుగా కూర్చొని, ఒక కన్ను మూయించి, తన ముక్కునే చూడమని చెప్పి, పక్కలనుండి వేళ్ళు కదిలిస్తూ "కనబడుతున్నాయా?" అని అడిగితే చాలావరకు బయటపడుతుంది. అప్పుడు పళ్ళెం తిప్పి పెడతాం, తల అటు తిప్పి చూడడం నేర్పుతాం, రోడ్డుమీద ఆ పక్కన మనం నడుస్తాం.

అబ్బాజాన్‌ను వార్డులో ఎవరూ అట్లా అడగలేదు. కరీంనగర్, ఆదిలాబాద్ ఆసుపత్రుల్లో డిశ్చార్జికి ముందు ఈ పరీక్ష చేయాలని మన సంఘం పక్షాన అర్జీ ఇద్దాం. వ్రాసే పని నాకు ఒప్పగించండి.