జబ్బుకు కార్డుంది, పసిబిడ్డ ఆకలికి కార్డేది?

(మాదిగపల్లె మహిళల తరఫున సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మేము మాట్లాడతామంటే ఒకరిద్దరు అన్నలు "దాడుల గురించి, భూముల గురించి మాట్లాడుకునే చోట ఆసుపత్రి గోల ఎందుకమ్మా, అది ఇంటి సంగతి గదా" అన్నారు. వాళ్ళ మీద మాకు కోపం లేదు. కానీ జవాబు చెప్పాలి. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో మనవాళ్ళను నరికి చంపారు. లోకమంతా చూసింది. కేసులు నడిచాయి, ఉద్యమం లేచింది. కానీ గొడ్డలి లేకుండా, కేసు లేకుండా, ఏ పేపర్లోనూ రాకుండా మన పల్లెల్లో పోయే ప్రాణాలున్నాయి. చార్జీలు లేక ఆసుపత్రికి పోనివాళ్ళు, కూలి పోతుందని మందు మధ్యలో ఆపేసినవాళ్ళు, అప్పు పుట్టక ఇంట్లోనే ముడుచుకుని పడుకున్నవాళ్ళు. వీళ్ళ చావులకు కులంతో సంబంధం లేదా? భూమి లేకపోవడంతో సంబంధం లేదా? ఉందని చెప్పడానికే వచ్చాం.

ఒక ఇంటి సంగతి చెప్తాం. చెప్పమని ఆమే ఒప్పుకుంది. పేరు వద్దంది గనుక పేరు చెప్పడం లేదు. ఆమె మాలో ఒకతి. మిరపకోతలకు, పత్తితీతకు, నాట్లకు మాతోనే ఆటో ఎక్కేది. ఇరవై ఏడేళ్ళ వయసు. రెండో కాన్పు, ఆడపిల్ల. సర్కారు ఆసుపత్రిలోనే పురుడు పోసుకుంది. నెల తిరగకుండానే ఎడమ రొమ్ములో గడ్డ కనిపించింది. బాలింతకు రొమ్ములో గడ్డంటే అందరి నోటా వచ్చే మాట ఒక్కటే, పాలగడ్డ. ఊళ్ళో సూదిమందు డాక్టరు కూడా అదే చెప్పి మూడు వారాలు సూదులు పొడిచాడు, గోలీలిచ్చాడు. డబ్బులు పోయినై గానీ గడ్డ పోలేదు.

అక్కలారా, ఇక్కడ ఒక్క మాట మనసులో పెట్టుకోండి. పాలిచ్చే తల్లికి గడ్డలు రావడం మామూలే, వాటిల్లో చాలావరకు పాలగడ్డలే. కానీ రెండు వారాల్లో గడ్డ తగ్గకపోతే నొప్పి ఉన్నా లేకపోయినా పెద్దాసుపత్రికి పోవాల్సిందే. స్కానింగు తీయించాలి, డాక్టరు చెబితే ముక్క పరీక్ష చేయించాలి. పాలిస్తున్న తల్లికి కూడా ముక్క పరీక్ష చేయొచ్చు. "బాలింత, చల్లగాలి తగలకూడదు, మూడో నెల వచ్చాక చూద్దాం" అనే మాట వినొద్దు. కాన్పు అయిన ఏడాదిలోపు, కడుపుతో ఉన్నప్పుడు కూడా రొమ్ము క్యాన్సరు రావచ్చు. అరుదే, కానీ వస్తుంది.

మా ఆశా కార్యకర్త పట్టుబట్టి ఆమెను పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. ముక్క తీశారు. కాగితం వచ్చేసరికి బిడ్డకు రెండు నెలలు దాటింది. క్యాన్సరే. ముందు కీమో, గడ్డ చిన్నదయ్యాక ఆపరేషను, ఆ తర్వాత కరెంటు పెట్టడం అన్నారు. కీమో 21 రోజులకు ఒకసారి, మొత్తం ఎనిమిది సార్లు. అంటే దగ్గర దగ్గర ఆరు నెలలు. ఆపైన ఆపరేషను, గాయం మానటం, ఆపైన కొన్ని వారాలపాటు వారానికి ఐదు రోజులు కరెంటు. లెక్కేస్తే బిడ్డకు ఏడాది నిండేదాకా ఆసుపత్రే. ఇంకో మాట కూడా అన్నారు. కీమో మొదలుపెట్టిన రోజు నుంచి బిడ్డకు పాలివ్వకూడదు, మందు పాలల్లోకి దిగుతుంది అని. "నా జబ్బు సంగతి తర్వాత, నా బిడ్డ ఏం తాగుద్ది?" ఇదీ ఆమె అడిగిన మొదటి ప్రశ్న. ఆ ప్రశ్నకు ఆ గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

చికిత్సకు కార్డుంది. లేదని మేము అనడం లేదు. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారింది, ఆంధ్రలో 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. కీమో, ఆపరేషను, కరెంటు అందులో వస్తాయి. పేదవాడికి అది పెద్ద ఆసరా. అయితే ఆ కార్డు రోగిని చూస్తుంది, రోగి వెనకాల ఉన్న ఇంటిని చూడదు. తోడు వచ్చిన మనిషి తిండి కార్డులో లేదు. ఇద్దరి కూలి పోయింది, అది కార్డులో లేదు. పాలపొడి కార్డులో లేదు. నాలుగు వందల గ్రాముల డబ్బా రెండు నెలల పిల్లకు వారం రాదు. ఒక్క డబ్బాకు ఆడమనిషి ఒక రోజు కూలి చాలదు.

అంగన్‌వాడీకి పోయి అడిగాం. బాలామృతం ఏడో నెల నుంచి ఇస్తారు. ఆరు నెలలదాకా బిడ్డకు తల్లిపాలే ఆహారం గనుక తల్లికి గుడ్డు, పాలు, సరుకులు ఇస్తారు. మంచి పద్ధతే. కానీ పాలివ్వకూడని తల్లి ఉంటే? ఆ బిడ్డకు ఏ రిజిస్టర్లోనూ గడి లేదు. అంగన్‌వాడీ అమ్మాయి మంచిది, ఆమె కూడా మనలాంటి ఇంటి పిల్లే. "అక్కా, నా దగ్గర దీనికి కాలమ్ లేదు" అంది. మన బిడ్డల ఆకలి ఎప్పుడూ కాలమ్ లేని చోటే ఉంటది.

భర్త ఒక ఆసామి దగ్గర ట్రాక్టరు తోలతాడు. సంవత్సరం జీతంలో సగం ముందే తీసుకుని ఇంటికి రేకులు వేయించుకున్నాడు. నెలకు నాలుగు రోజులు సెలవడిగితే "డబ్బు కక్కి పో" అన్నాడు ఆసామి. మేము పన్నెండు మందిమి ఆడవాళ్ళం పోయి వాకిట్లో నిలబడ్డాం. కేకలు వేయలేదు. "మీ కోడలు కాన్పుకు వచ్చినప్పుడు మూడు నెలలు ఆమె గుడ్డలు ఉతికింది ఈమే" అని గుర్తు చేశాం. సెలవు దొరికింది. జీతంలో కోత మాత్రం పడింది.

ఇక మేమేం చేశామో చెప్తాం. గొప్ప కోసం కాదు, మీ పల్లెలో అవసరమైతే పనికొస్తుందని. ఒక నోటుపుస్తకం పెట్టాం. కీమో తేదీలు రాశాం. ఆమెతో ఎవరు పోవాలి, ఇంటి దగ్గర చంటిదాన్ని ఎవరు చూడాలి, పెద్దపిల్లను బడికి ఎవరు పంపాలి, వరుసలు రాశాం. కూలికి పోయిన రోజు తలా పది రూపాయలు వేశాం. మా పల్లెలో ఇంటరు చదివిన పిల్ల కాగితాల పని తీసుకుంది. రేషన్ కార్డు, ఆధార్, ముక్క పరీక్ష కాగితం, ప్రతిదానికీ మూడు జిరాక్సులు. క్యాన్సరు రోగికి రైల్లో రాయితీ ఉందని, ఆసుపత్రి డాక్టరు ఫారం మీద సంతకం పెడితే స్లీపరులో రోగికి చార్జీ ఉండదని, తోడు వెళ్ళేవాళ్ళకు నూటికి 75 తగ్గిస్తారని ఆ పిల్లే కనుక్కుంది. ఆడవాళ్ళకు బస్సు ఉచితం తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రలో 2025 ఆగస్టు 15న వచ్చింది. దాన్ని వాడుకున్నాం.

భర్తకు బిడ్డను పట్టడం నేర్పించాం. ఉగ్గుగిన్నెతో పాలు ఎలా పోయాలో, తర్వాత భుజాన వేసుకుని ఎలా తట్టాలో నేర్పాం. మగవాడు ఉగ్గుగిన్నె పట్టుకుంటే రచ్చబండ దగ్గర నవ్వినవాళ్ళున్నారు. సమానత్వం గురించి మైకు ముందు మాట్లాడే అన్నలు ఇంటికిపోయి ఒక్క రాత్రి చంటిబిడ్డను చూడండి. అప్పుడు నవ్వు రాదు.

పాలపొడి కలిపేటప్పుడు జాగ్రత్త. నీళ్ళు బాగా మరగబెట్టాలి. సీసా పీక శుభ్రం చేయడం మన ఇళ్ళల్లో కష్టం, గిన్నె, చెంచా మరగబెట్టడం తేలిక. డబ్బా ఎక్కువ రోజులు రావాలని నీళ్ళు ఎక్కువ పోస్తే బిడ్డ ఎండిపోతుంది. డబ్బాలకు ప్రచారం చేయకూడదని 1992లో చట్టం వచ్చింది, తల్లిపాలు ఉన్నచోట డబ్బా జోలికి పోవద్దు. డాక్టరు వద్దన్నచోట మాత్రం డబ్బాయే బిడ్డకు ప్రాణం.

ఇంకొక సంగతి. మాలపల్లెలో మూడు నెలల బిడ్డ తల్లి ఒకామె ఉంది. సంగతి తెలిసి "నాకు పాలు మిగులుతున్నయ్, తీసుకురండి" అని కబురు చేసింది. మేము వెంటనే పోలేదు. డాక్టరును అడిగాం. ఆమె కార్డులో ఎయిడ్స్, కామెర్ల పరీక్షలు చూపించాం, మళ్ళీ ఒకసారి చేయించమంటే చేయించాం. అన్నీ బాగున్నాయన్నాక రెండు నెలలు పొద్దునా సాయంత్రం ఆమె పాలిచ్చింది. వర్గీకరణ మీద 1994 నుంచి మనం వాదించుకున్నాం, 2024లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఎవరి వాటా వాళ్ళకు రావాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. కానీ ఆ బిడ్డ ఏడ్చినప్పుడు రెండు పల్లెల మధ్య రోడ్డు దాటి వచ్చిన ఆ తల్లిని మేము మర్చిపోం. ఈ సభలో ఆమె కూర్చుని ఉంది. అక్కా, నీకు దండం.

పుకార్లు కూడా వచ్చినయ్. క్యాన్సరు అంటుకుంటుందని పక్కింటి వాళ్ళు మంచినీళ్ళ బిందె దగ్గర ఆమెను దూరంగా నిలబెట్టారు. మనల్ని వెయ్యేళ్ళు దూరంగా నిలబెట్టిన ఊరు చాలదా, మనమూ మొదలుపెట్టాలా? క్యాన్సరు అంటుకోదు. తల్లి బిడ్డను ఎత్తుకోవచ్చు, ముద్దు పెట్టుకోవచ్చు, పక్కన పడుకోబెట్టుకోవచ్చు. బయటినుంచి మిషనుతో కరెంటు పెట్టించుకున్నా ఒంట్లో ఏమీ మిగిలి ఉండదు, ఆ రోజే బిడ్డను ఎత్తుకోవచ్చు. కీమో ఎక్కిన రెండు రోజులు మాత్రం ఆమె వాంతి, మూత్రం ఎత్తేవాళ్ళు చేతులకు తొడుగులు వేసుకోవాలి. బిడ్డకు టీకాలు ఆపొద్దు, తల్లికి కీమో నడుస్తోందని నర్సమ్మకు ముందే చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యం జ్వరం. కీమో ఎక్కించిన వారం, రెండు వారాల్లో తెల్లకణాలు పడిపోతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 దాటితే తెల్లారేదాకా ఆగకూడదు, ఊళ్ళో సూది వేయించకూడదు, 108కి ఫోన్ చేయాలి. రెండో కీమో తర్వాత పదో రోజు అర్ధరాత్రి ఆమెకు జ్వరం వచ్చింది. నోటుపుస్తకం మొదటి పేజీలో ఆ అంకె రాసి ఉంది గనుక బండి పిలిచాం. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపారు. ఇంకో పూట ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు.

ఇప్పటికి ఐదు కీమోలయ్యాయి. గడ్డ చిన్నదైంది. బిడ్డకు ఆరో నెల, బోర్లా పడుతోంది. ఆపరేషను ఇంకా ఉంది. నయమైపోయిందని మేము చెప్పడం లేదు. పోరాటం మధ్యలో ఉన్నాం.

ఇది ఇంటి సంగతి అన్న అన్నలకు మళ్ళీ చెప్తున్నాం. 1928లో బొంబాయి శాసనమండలిలో కార్మిక స్త్రీల ప్రసూతి బిల్లు మీద బాబాసాహెబ్ మాట్లాడారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, ఆ భారం ప్రభుత్వం మోయాలని వాదించారు. ఆయన ఇంట్లో ఐదుగురు బిడ్డలు పుడితే నలుగురు చిన్నతనంలోనే పోయారు. రమాబాయి తల్లి జబ్బుతో 1935లో పోయింది. ఇంటి దుఃఖం ఆయనకు తెలియందా? సావిత్రిబాయి, జోతిబా ఫూలే 1863లో దిక్కులేని తల్లులకూ పసిబిడ్డలకూ ఇల్లు తెరిచారు. 1897లో ప్లేగు వచ్చినప్పుడు రోగుల్ని మోసి, అదే ప్లేగుతో సావిత్రిబాయి ప్రాణం విడిచింది. రోగిని ఎత్తుకోవడం, బిడ్డను బతికించుకోవడం మన ఉద్యమంలో మొదటినుంచీ ఉన్న పని.

అందుకని ఈ సభ ముందు మా డిమాండ్లు పెడుతున్నాం. తల్లి చికిత్సలో ఉండి పాలివ్వలేని ప్రతి పసిబిడ్డకు డాక్టరు రాసిన పాలపొడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి ఉచితంగా ఇవ్వాలి. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో తల్లిపాల బ్యాంకు పెట్టారు, అలాంటిది ప్రతి జిల్లా ఆసుపత్రిలో పెట్టాలి. గర్భిణీలనూ బాలింతలనూ చూసేటప్పుడు రొమ్ము పరీక్ష కూడా చేయాలి. చికిత్స రోజులకు రోగికీ తోడు మనిషికీ కూలి కట్టివ్వాలి. చంటిబిడ్డతో వచ్చే తల్లికి ఆసుపత్రి దగ్గర తలదాచుకునే గది ఇవ్వాలి. ఈ ఐదు రాసి, సంతకాలు పెట్టించి, వచ్చే సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్సుకు తీసుకుపోతున్నాం. ప్రతి పల్లె నుంచి ఇద్దరు రండి, ఒకరు మగవాడై ఉండాలి. మీ పల్లెలో ఇలాంటి ఇల్లుంటే ఆ కాగితాలు కూడా పట్టుకురండి.

ఒక్కో కమిటీ ఒక్కో నోటుపుస్తకం పెట్టండి. పది రూపాయల పుస్తకం చాలు.

జై భీమ్!