ఫిడేలు పుట్టినింటికి ప్రయాణము



కంప్యూటరు విద్యకై అమెరికాకు పోవు పిల్లలను మన గ్రామములలో నిప్పు డెవ్వరును ఆపుట లేదు. అప్పు చేసియైనను పంపుచున్నాము. విమానాశ్రయము వఱకు వెంట పోయి దీవించి వచ్చుచున్నాము. సంగీతము నేర్చుటకై విదేశమునకు పోయెదనని ఒక పిల్ల యడిగినచో మాత్రము ఇల్లంతయు మౌనము వహించును. ఈ మౌనమును గూర్చియే నేడు కొంత మనవి చేసెదను.

నెల్లూరునకును గూడూరునకును నడుమ నున్న మా మనుబోలులో నాకు చిరకాల మిత్రులైన రైతుపెద్ద యొకరు కలరు. వారి మనుమరాలు చెన్నపట్నమున ఫిడేలు నేర్చుచున్నది. ఉత్తర ఇటలీలోని ఒక సంగీత కళాశాలలో అర సంవత్సరము, అనగా ఈ కాలపువారు సెమిస్టరు అనునంత కాలము, చదివి వచ్చుటకు ఆ బాలిక కవకాశము లభించినది. "అయ్యవారూ! మన సంగీతము నేర్చిన పిల్లకు ఆ దేశముతో నేమి పని? పోయి వచ్చినచో ఉన్న విద్యయు చెడిపోదా? అన్నము పెట్టు దిక్కెవ్వరు?" అని వారు న న్నడిగిరి. ఈ మూడు ప్రశ్నలును యుక్తములే. ఇవి ఆ యొక్క యింటివే యనియు నే ననుకొనను.

సంగీతమునకై ఊరు విడుచుట మనకు క్రొత్త గాదు. కృష్ణా మండలమునందలి పెదకళ్లేపల్లికి చెందిన సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారు చోళదేశమునకు పోయి, త్యాగరాజస్వామికి శిష్యులును బంధువులును నగు మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారిని ఆశ్రయించి విద్య గడించిరి. తిరిగివచ్చి ఆంధ్రదేశమున శిష్యులను తయారు చేసిరి. వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారు. పంతులుగారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. ఒక్కరు ఊరు విడిచి పోయి వచ్చినందువలన మూడు తరములవారి విద్య మన కబ్బినది. ఆ దినములలో తంజావూరు మనవారికి ఎంత దూరమో, ఈ దినములలో ఇటలీ యంత దూరము లేదు. చెన్నపట్నమున రాత్రి విమాన మెక్కినవారు మఱునాటికి ఆ దేశమున దిగుచున్నారు.

ఇక ఇటలీయే యేల యన్న ప్రశ్న. ఆ పిల్ల చేతిలోని ఫిడేలునకు ఆ దేశమే పుట్టినిల్లు. పో యను మహానది యొడ్డున క్రెమోనా యను పట్టణము కలదు. 16వ శతాబ్ది మధ్యకాలమున ఆంద్రేయా అమాటి యను శిల్పియు, తరువాత నాతని వంశమువారును, అచ్చట ఈ వాద్యమునకు నేటి రూపమును స్థిరపఱచిరి. అదే పట్టణమున 1737లో కాలధర్మము నొందిన ఆంతోనియో స్త్రాదివారి చేసిన వాద్యములలో ఆఱువందలకు పైగా నేటికిని నిలిచియున్నవి. క్రెమోనా ఫిడేలు శిల్పమును 2012లో యునెస్కోవారు మానవజాతి వారసత్వములలో చేర్చిరి. మన బొబ్బిలివారు పనసదుంగను తొలిచి ఏకాండి వీణను చేయుదురు. క్రెమోనావారు ముందుపలకకు స్ప్రూసు అను దేవదారు జాతి మ్రానును, వెనుకపలకకు మేపుల్ అను గట్టి మ్రానును వాడుదురు. ఆ పట్టణపు వస్తుప్రదర్శనశాలలోని ప్రాచీన వాద్యములను అద్దములలో ఊరక బంధించి యుంచక, నియమముగా బయటికి తీసి వాయింతురు. వాయింపని వాద్యము మూగబోవునని వారి నమ్మిక. మన యిండ్లలో అటకమీద పడియున్న వీణలు నాకు జ్ఞప్తికి వచ్చుచున్నవి.

ఆ వాద్యము మనయొద్ద కెట్లు చేరెను? ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ములు బాలుస్వామి దీక్షితులు 1786లో జన్మించిరి. మణలి ముదలియారుల యాదరణలో చెన్నపట్నమున నుండగా, ఒక ఐరోపీయ వాదకునియొద్ద వారు మూడేండ్లు ఫిడేలు నేర్చిరి. ఆ కాలమునందును పెదవి విఱిచినవా రుండియుందురు. కాని వారు చేసిన పని చూడుడు. పరదేశీయులు నిలుచుండి గడ్డము క్రింద నుంచి వాయించు వాద్యమును మనవారు నేలపై కూర్చుండి, దాని కొనను కాలిమడమకడ నాన్చి వాయించిరి. వారి తంత్రులు నాలుగును వరుసగా ఒక్కొక్క పంచమము ఎడముతో ఎక్కుచు పోవును. మనవారు దానిని మార్చి స, ప, స, ప యని శ్రుతి చేసికొనిరి. కాయము వారిది, ప్రాణము మనది. నేడు ఫిడేలు లేని గాత్రకచేరి యరుదు. మన విజయనగరమున ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఫిడేలుతోనే ఏకాంతముగా సభలు జరిపి, ఫిడేలు నాయుడుగారని లోకముచే పిలిపించుకొనిరి. పాశ్చాత్యుల వాదనమును వారు శ్రద్ధతో వినిరి. వారి కమాను సాగు తీరును ఎఱిగినవారు ఇంకను చెప్పుకొందురు.

కావున మనుమరాలు పోవుచున్నది పరాయి యింటికి గాదని మిత్రునకు చెప్పితిని. అయినను అచ్చట నేమి నేర్పుదురో తెలియక పంపుట తగదు. ముందుగా స్వరములు చదివింతురు. దీనిని వారు సోల్ఫెజ్జో అందురు. 11వ శతాబ్దిలో ఆరెజ్జో పట్టణపు గ్విదో యను సన్న్యాసి, ఒక స్తోత్రములోని పాదముల మొదటి యక్షరములను గైకొని ఉత్, రే, మి, ఫా, సోల్, లా యని స్వరములకు పేళ్లు పెట్టెను. తరువాతి కాలమున ఉత్ పోయి దో వచ్చెను. సి చేరి స్వరము లేడైనవి. చేతితో కాలము వేయుచు ఈ యక్షరములను పాడుదురు. మన సరళీస్వరముల నెఱిగిన పిల్లకు ఇది చిరపరిచితమువలె తోచును. అచ్చటనే చిక్కు. మన షడ్జము గాయకుడు ఎచ్చట నిలిపిన నచ్చట నిలుచును. ఇటలీవారి దో యట్లు గాదు. అది యెప్పుడును ఒక్క చోటనే యుండును. "స" అనుటకు "దో" అని తలంచిన పిల్ల మొదటి మాసమంతయు తడబడును.

రెండవ చిక్కు ఇంకను లోతైనది. పియానో వంటి మెట్ల వాద్యములలో స్థాయిని పండ్రెండు సమభాగములు చేయుటవలన, వారి గాంధారము తంబురనుండి సహజముగా పలుకు గాంధారముకంటె ఇంచుక పైకి జరిగియుండును. మన గమకమునకు అచ్చట తావు లేదు. స్వరము నిలుకడగా నుండవలెను. అనేక స్వరములు ఒక్కమాఱే కలిసి మ్రోగవలెను. అది దోషము గాదు, వారి మార్గ మది. ఆ గొప్ప వేఱు. కాని చెవి కుదురుకొనని పసిపిల్లను ఆ ధ్వనిసముద్రములో దింపినచో, మిత్రుడు భయపడినట్లే జరుగును. గీతములు, వర్ణములు దాటని పిల్లను నే నయినను పంపను. ఈ బాలిక వర్ణములు ముగించి పదేండ్లుగా కీర్తనలు సాధన చేయుచున్నది. ప్రతిదినము అరగంట తంబుర శ్రుతిలో కూర్చుండవలెనని మాత్రము కట్టడి చేసితిని. ఇప్పుడు టెలిఫోనులోనే తంబుర మ్రోగునట. ఆ యంత్రపు తంబురమీద నాకు పెద్ద గౌరవము లేదు గాని, సొరకాయ తంబురను విమానములో మోసికొని పొమ్మనుటయు న్యాయము గాదు.

ఆ బాలికను పరీక్షింప గోరి త్యాగరాజ కీర్తన నొకదానిని పాడు మంటిని. శ్రుతి నిలిచినది, తాళము తప్పలేదు. చరణములోని ఒక మాట కర్థ మడిగితిని. చెప్పలేకపోయినది. పుస్తకము చూపు మంటిని. సాహిత్యమంతయు ఇంగ్లీషు లిపిలో వ్రాసికొనియున్నది! ఒక్క మాటను రెండుగా విఱిచి, విఱిచిన చోట సంగతి వేయుచున్నది. ఇంగ్లీషు బడిలో చదివిన పిల్ల. తెలుగక్షరములను కూడబలుకుకొని చదువును. అప్పుడు మిత్రునితో, "అయ్యా! మీరు ఇటలీని జూచి భయపడుచున్నారు. చెడవలసిన దేమైన నున్నచో అది మనుబోలునందే, మన కన్నులయెదుటనే చెడినది" అంటిని. వారు మాఱు పలుకలేదు.

ఇది చిన్న సంగతి గాదు. ఇటాలియను భాషలో పదములు చాలవఱకు అచ్చులతో ముగియును, తెలుగును నట్టిదే. అందుచేతనే 19వ శతాబ్దపు ఆంగ్లేయ పండితులు తెలుగును ప్రాచ్యదేశపు ఇటాలియను అనిరి. అచ్చుతో ముగియు మాట పాటలో సాగును. హల్లుతో ముగియు మాట తెగును. తమిళదేశమున నుండియు త్యాగరాజస్వామి తెలుగులోనే పాడిరి గదా. అచ్చటి వారు, "మీ పాటలో మాటల కర్థ మేమి?" అని మన పిల్లను మొట్టమొదట నడుగుదురు. ఆ దేశమున విచెన్‌జా యను నగరపు సంగీత కళాశాలలో మన భారతీయ సంగీతము పాఠ్యముగా నున్నది. ఇటాలియను పిల్లలు తాత్పర్యముతో నేర్చిన దానిని తెలుగు పిల్ల యర్థము తెలియక పాడుట యెంత సిగ్గు! కావున ప్రయాణమునకు ముందు నలువది దినములు సాయంకాలము మా యింటికి వచ్చి కీర్తనలకు పదచ్ఛేదము, ప్రతిపదార్థము నేర్చుకొనవలెనని నిర్ణయించితిమి. ప్రస్తుతము పదునెనిమిది కీర్తనలు ముగిసినవి. పెద్దలారా! మీ యిండ్లలోను సంగీతము నేర్చు పిల్ల లుండినచో, వారి పుస్తకములను ఒకమాఱు తెఱచి ఏ లిపిలో నున్నవో చూడుడు.

ఆడపిల్ల యొంటిగా నుండుటను గూర్చి ఇంటి యాడవారు దిగులుపడిరి. సంగీత కళాశాలకు ఇటలీలో కన్సర్వతోరియో యని పేరు. దాని మొదటి యర్థము రక్షణగృహము. నేపుల్సు నగరమున అనాథ బాలురను చేరదీసిన యిండ్లు ఆ పేరుతోనే వెలసి సంగీతశాల లైనవి. వెనిసు నగరపు పియెతా యను అనాథాలయమున ఆడపిల్లలకు 1703 మొదలు వివాల్ది యను విద్వాంసుడు ఫిడేలు నేర్పెను. వారి మేళమును వినుటకు దూరదేశములనుండి జనులు వచ్చెడివారు. మన విజయనగర సంగీత కళాశాలయు 1919లో ఒక అంధబాలుని విద్య నిమిత్తమే తలపెట్టబడెనని చెప్పుదురు. దిక్కులేనివారికి పెట్టిన నీడలో సంగీతము పెరుగుట ఉభయదేశములందును జరిగినది. 1999 నాటి శాసనముతో ఇటలీలోని ఈ శాలలు విశ్వవిద్యాలయములతో సమానమైన స్థాయిని పొందినవి.

అన్నము మాటకు వత్తును. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు పసితనమున వ్రేలి యుంగర మమ్ముకొని విజయనగరము చేరిరి. పట్రాయని సీతారామశాస్త్రిగారు విద్యాదానము చేసిరి గాని, వారికిని కలిమి లేదు. జోలె భుజమున వేసికొని యింటింట మధూకర మెత్తి ఆ బాలుడు కడుపు నింపుకొనెను. ఆ యూరి తల్లులు పెట్టిన మెతుకులే తరువాత మన చెవులకు పాటలై వచ్చినవి. మన పిల్ల కంత కష్టము రాదు. పో నది లోయలో వరిపొలములు విస్తారముగా కలవు. ఐరోపా దేశములలో వరి మిక్కుటముగా పండించునది ఇటలీయే. మన మొలగొలుకుల యన్నమునకు అలవడిన నాలుకకు వారి పొట్టిగింజ బియ్యము బంకబంకగా తోచును గాక! క్రెమోనా ప్రాంతమున పాడిపశువుల పనికై వెళ్లి స్థిరపడిన పంజాబు సిక్కులు వేలకొలది యున్నారు. పెస్సీనా క్రెమొనేసే యను నూర 2011లో వారు పెద్ద గురుద్వారమును తెఱచిరి. గురుద్వారపు పంక్తిలో కులము నడుగరు, దేశము నడుగరు.

కడపట కొన్ని వ్యవహారపు మాటలు. తొంబది దినములకు మించి యుండువారు దీర్ఘకాలపు వీసా పొందవలెను. ఆ దేశమున దిగిన యెనిమిది పనిదినముల లోపల నివాసపు అనుమతికి తపాలాఫీసు ద్వారా దరఖాస్తు పెట్టవలెను. దీనిని మఱచిన పిల్లలు తరువాత తిప్పలు పడుదురు. కళాశాలలో చదివిన కాలమును ఇచ్చటి కళాశాల లెక్కలోనికి తీసికొనునో లేదో ముందుగానే వ్రాతమూలముగా తెలిసికొనవలెను. ఫిడేలును సామానుతో వేయక చేతనే పట్టుకొని పోవలెను. మన సముద్రతీరపు తేమగాలికి అలవడిన మ్రాను, అచ్చటి శీతకాలమున వేడిచేసిన గదుల పొడిగాలికి బిగిసి అతుకులకడ విచ్చును. తంత్రులను కొంచెము సడలించి, పెట్టెలో తడిగుణము నిలుపు చిన్న గొట్టము నుంచి పంపుడు. విచ్చినను బెంగ లేదు. క్రెమోనాలో బాగుచేయు శిల్పులు వీథివీథిని కలరు.

సెలవు.